ర్యామ్ పెంచే ముందు: పూసలు గుచ్చిన చేతుల చరిత్ర



ఈమధ్య మన గ్రూపులో మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఒకటుంది. హాస్టల్లోనో, యువజన సంఘం గదిలోనో ఎవరో ఇచ్చిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంటాది. అందులో రెండు జీబీ ర్యామ్. ఉద్యోగం నోటిఫికేషన్‌కి ఫారం నింపుదామని బ్రౌజర్ తెరిస్తే గుండ్రం తిరుగుతూనే ఉంటాది. ఫొటో, సంతకం ఎక్కించేలోగా టైమ్ అయిపోయి మళ్లీ మొదటికి వస్తాది. "అన్నా, ర్యామ్ పెంచితే బాగుపడుతుందా? ఎలా పెంచాలి?" అని అడుగుతున్నారు. జవాబు చివర్లో రాశాను, తొందరున్నవాళ్లు అక్కడికే వెళ్లిపోండి. మిగతావాళ్లు కొంచెం ఓపిక పట్టండి. ఆ వేలెడు పొడుగు పచ్చటి పలక వెనక ఒక చరిత్ర ఉంది. అందులో ఆదివాసీ ఆడవాళ్ల చేతులున్నాయి. కంప్యూటర్ కోర్సు పుస్తకాల్లో ఆ ముక్క కనపడదు కాబట్టి మనమే చెప్పుకోవాలి.

మొదట మెమరీ అంటే ఏటో చూద్దాం. చాలామంది హార్డ్ డిస్కుని, ర్యామ్‌ని ఒకటే అనుకుంటారు.

శ్రీకూర్మం మనలో చాలామంది చూసే ఉంటారు. గుడికి వెళ్లి తాబేళ్లని చూసి, ఫొటో తీసుకుని వచ్చేస్తాం. ఈసారి వెళ్తే మండపంలో స్తంభాల దగ్గర కాసేపు ఆగండి. రాతి నిండా అక్షరాలే. తూర్పు గాంగుల కాలం నుంచి వందల ఏళ్లపాటు చెక్కుతూ వచ్చిన శాసనాలవి. ఫలానావారు దేవుడికి అఖండ దీపం పెట్టించారు, ఇంత భూమి ఇచ్చారు, ఇన్ని ఆవుల్ని ఇచ్చారు అని ఉంటాది. నరహరి తీర్థుల శాసనం 1281 నాటిది. అది ఇవాళ్టికీ అలాగే ఉంది. కరెంటు పోయినా, రాజ్యం పోయినా చెరగలేదు. హార్డ్ డిస్కు పని అదీ.

ర్యామ్ అలా కాదు. అది చిన్నప్పటి పలక లాంటిది. లెక్క చేసేటప్పుడు అంకెలు వేసుకుంటాం, అయిపోగానే చెరిపేసి ఇంకో లెక్క వేసుకుంటాం. పలక చిన్నదైతే సగం లెక్కలోనే చోటు చాలదు, మాటిమాటికీ పాత అంకెలు పుస్తకంలోకి ఎక్కించి, చెరిపి, మళ్లీ తెచ్చుకోవాలి. పాత కంప్యూటర్ గుండ్రం తిరిగేది అందుకే. చోటు చాలక ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కులోకీ, డిస్కులో ఉన్నదాన్ని ర్యామ్‌లోకీ మోస్తా ఉంటాది. ర్యామ్ పెంచడమంటే పెద్ద పలక ఇవ్వడం.

ఇంక చరిత్రకి వద్దాం. 1950ల నుంచి 1970ల దాకా ఈ పలక ఎలా తయారయ్యేదో తెలిస్తే మన అమ్మమ్మలకి నవ్వొస్తుంది. పూసలు గుచ్చి చేసేవారు.

నిజంగానే. దాని పేరు కోర్ మెమరీ. ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థంతో ఆవగింజంత రింగులు చేస్తారు. ఒక్కో రింగు ఒక్కో బిట్. అయస్కాంతం ఒక దిక్కుకి తిరిగి ఉంటే ఒకటి, రెండో దిక్కుకి తిరిగి ఉంటే సున్నా. ఆ రింగుల్ని అడ్డంగా, నిలువుగా సన్నటి రాగి తీగలతో గళ్లు గళ్లుగా గుచ్చుతారు. ఒక నిలువు తీగలోనూ ఒక అడ్డ తీగలోనూ సగం సగం కరెంటు పంపితే, ఆ రెండూ కలిసే చోట ఉన్న రింగు ఒక్కటే తిరుగుతుంది. మిగతావి కదలవు. ఈ ఆలోచన మీద 1949 నుంచీ అమెరికాలో ఆన్ వాంగ్, జే ఫారెస్టర్ లాంటివాళ్లు పని చేశారు. 1953లో ఎంఐటీ వాళ్ల వర్ల్‌విండ్ కంప్యూటర్‌లో అది పనిలోకి దిగింది. పేర్లు వాళ్లవి నిలిచాయి. కానీ రింగులు గుచ్చింది ఎక్కువగా ఆడవాళ్లు, భూతద్దం కింద, సూది పట్టుకుని, గంటలకొద్దీ.

మన దేశంలో మొదటి సొంత కంప్యూటర్ బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన టిఫ్రాక్. 1960లో పూర్తయింది. దాని మెమరీ 2,048 పదాలు, ఒక్కో పదానికి 40 బిట్లు. అంటే 81,920 రింగులు. ఇప్పటి లెక్కలో పది కేబీ. నవ్వకండి, చంద్రుడి మీదకి మనుషుల్ని తీసుకెళ్లిన అపోలో కంప్యూటర్‌లో చెరిపి రాసుకునే మెమరీ కూడా 2,048 పదాలే, అదీ ఒక్కో పదానికి 16 బిట్లే. ఆ అపోలో కంప్యూటర్ ప్రోగ్రాములు ఇంకో విచిత్రం. ఒకటి కావాలంటే తీగ రింగు లోపలి నుంచి, సున్నా కావాలంటే రింగు బయటి నుంచి పోవాలి. అలా 36 వేలకు పైగా పదాల ప్రోగ్రాముని రేతియాన్ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు తీగలతో అల్లారు. ఒకసారి అల్లాక మార్చడానికి లేదు. శ్రీకూర్మం స్తంభం మీద శాసనం లాంటిదే, కాకపోతే రాగితో.

మన తెలుగు నేల మీద ఈ కథ హైదరాబాద్‌లో నడిచింది. 1967లో అక్కడ ఈసీఐఎల్ పెట్టారు. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్. రావుది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. 1969 నాటికి టీడీసీ-12 అనే కంప్యూటర్ బయటికొచ్చింది. అందులోనూ కోర్ మెమరీయే. ఆ రోజుల్లో మెమరీ పెంచాలంటే రింగులు గుచ్చిన చట్రాలున్న పెట్టె ఇంకొకటి తెచ్చి తగిలించడమే.

సరదాకి ఒక లెక్క వేసి చూశాను. ఇప్పుడు మనం వాడే యూనికోడ్ పద్ధతిలో "శ్రీకూర్మం" అని టైపు చేస్తే లోపల పది గుర్తులు పడతాయి: శ, విరామం, ర, గుడిదీర్ఘం, క, కొమ్ముదీర్ఘం, ర, విరామం, మ, సున్న. ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు, మొత్తం 30 బైట్లు, 240 బిట్లు. కోర్ మెమరీలో అయితే ఆ ఒక్క ఊరి పేరు దాచడానికి 240 పూసలు గుచ్చాలి. మీరు కొనబోయే ఎనిమిది జీబీ స్టిక్ ఆ పద్ధతిలో చేయాలంటే 6,871 కోట్ల పూసలు కావాలి. మన్యంలో ఆడవాళ్లందరూ కూర్చున్నా అయ్యే పని కాదు.

కోర్ మెమరీకి ఒక గుణం ఉంది. ఒక రింగులో ఏముందో చదవాలంటే దాన్ని తిప్పి చూడాలి. తిప్పితే అందులో ఉన్నది పోతుంది. కాబట్టి చదివిన వెంటనే మళ్లీ రాయాలి. దాని తర్వాత వచ్చిన చిప్ మెమరీ ఇంకా మతిమరుపుది. 1966లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్‌కి వచ్చిన ఆలోచన అది. ఒక బిట్‌కి ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ చాలు. కెపాసిటర్‌లో చార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. చాలా చిన్నది, చాలా చవక. కానీ చిల్లుకుండ. చార్జి కారిపోతూ ఉంటాది. అందుకే సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి, అంటే సెకనుకి పదిహేనుసార్లకు పైగా, మొత్తం మెమరీని చదివి మళ్లీ రాస్తా ఉండాలి. మీ డెస్క్‌టాప్ ఊరికే ఉన్నట్టు కనపడుతున్నా లోపల ఈ పని ఆగదు. రాతి మీద రాసుకోని జాతులు పాటల్ని ఎలా దాచుకున్నాయో అలాగే. ప్రతి పండక్కీ మళ్లీ పాడాలి. ఒక తరం పాడకపోతే కారిపోయినట్టే.

1970లో ఇంటెల్ 1103 అనే చిప్ అమ్మకానికి వచ్చింది. అందులో 1,024 బిట్లు. కొన్నేళ్లలోనే పూసల మెమరీ మూలపడింది. సూది పోయింది. చేతులు మాత్రం పోలేదు. ఇక్కడి నుంచి అసలు కథ.

చిప్ లోపలి గీతలు యంత్రాలు గీస్తాయి. కానీ ఆ సిలికాన్ ముక్కని బయటి కాళ్లకి కలపాలంటే వెంట్రుక కన్నా సన్నటి తీగలు అతికించాలి. ఆ రోజుల్లో అది మైక్రోస్కోపు కింద చేత్తో చేసే పని. మెమరీ చిప్ అయినా ఇంకో చిప్ అయినా ఆ పని ఒకటే. ఫెయిర్‌చైల్డ్ అని అప్పట్లో చిప్‌ల తయారీలో చాలా పెద్ద కంపెనీ. 1963లోనే హాంకాంగ్‌లో చవక కూలీతో ఆ పని మొదలుపెట్టింది. 1965లో అమెరికాలోనే, న్యూ మెక్సికోలో షిప్‌రాక్ అనే చోట ఇంకొకటి పెట్టింది. అది నవాహో ఆదివాసీల రిజర్వేషన్. వాళ్లని వాళ్లు దినే అని పిలుచుకుంటారు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్లు విప్పలేని రహస్య సందేశాలు పంపింది ఈ జాతి కుర్రాళ్లే, తమ సొంత భాషలో. బళ్లో ఆ భాష మాట్లాడితే దెబ్బలు తిన్న పిల్లలే పెద్దయ్యి ఆ పని చేశారు. ఆ సంగతి ఇంకో పోస్టులో.

షిప్‌రాక్‌లో 1969లో కొత్త ఫ్యాక్టరీ భవనం కట్టారు. దాదాపు వెయ్యిమంది పని చేశారు, ఎక్కువమంది నవాహో ఆడవాళ్లు. మొదట ట్రాన్సిస్టర్లు, తర్వాత చిప్‌లు. శిక్షణ ఖర్చులో ప్రభుత్వం డబ్బు ఉంది, స్థలం తెగ ఇచ్చింది, జీతం మాత్రం కనీస వేతనం దగ్గర. ప్రారంభోత్సవానికి కంపెనీ ఒక పుస్తకం వేసింది. అందులో నవాహో ఆడవాళ్లు నేసే కంబళి బొమ్మ, పక్కనే చిప్ బొమ్మ. రెండింటిలో డిజైను ఒకేలా ఉంది చూడండి అన్నట్టు. తరతరాలుగా నేత నేసిన చేతులు కాబట్టి చిప్ పని వాళ్లకి సహజంగా వస్తుందట.

చదవడానికి పొగడ్తలాగే ఉంటాది. లిసా నకమురా అనే పరిశోధకురాలు 2014లో రాసిన వ్యాసంలో ఈ పొగడ్తని పట్టుకుని ప్రశ్నించింది. నాకూ ఆమె మాటే సరైనదనిపిస్తాది. ఒక ఇంజనీరు నేర్చుకుంటే దాన్ని నైపుణ్యం అంటారు, దానికి జీతం పెరుగుతుంది. ఆదివాసీ ఆడమనిషి అదే పని నేర్చుకుంటే "వాళ్ల రక్తంలోనే ఉంది" అంటారు. రక్తంలో ఉన్నదానికి జీతం పెంచక్కర్లేదు కదా. మన దగ్గర కూడా ఎగ్జిబిషన్లలో ఈ మాట వింటూనే ఉంటాం. "గిరిజనుల సహజ కళ" అంటారు. నాలుగేళ్లు అమ్మ పక్కన కూర్చుని తప్పులు చేస్తూ నేర్చుకున్న సంగతి ఎవరికీ పట్టదు.

1975 మొదట్లో గిరాకీ తగ్గిందని కంపెనీ 140 మంది కార్మికుల్ని తీసేసింది. ఫిబ్రవరి 24న అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ కార్యకర్తలు తుపాకులతో వచ్చి ఫ్యాక్టరీని ఆక్రమించారు. తీసేసినవాళ్లని తిరిగి తీసుకోవాలని అడిగారు. వారం రోజుల తర్వాత ఆక్రమణ ముగిసింది. ఫెయిర్‌చైల్డ్ మాత్రం మళ్లీ తలుపు తెరవలేదు. తెగకి చెందిన వందల కుటుంబాల జీతం ఒక్కసారిగా ఆగిపోయింది. పని ఆసియాలోని వేరే ఫ్యాక్టరీలకి పోయింది. తుపాకులతో వెళ్లడం సరైన దారేనా అని అప్పట్లో నవాహోలే రెండుగా చీలి వాదించుకున్నారు. ఆ వాదన మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. కానీ ఒక సంగతి తేలికగా కనపడుతుంది. ఆ పదేళ్లలో అంతమంది మైక్రోస్కోపుల ముందు కూర్చున్నా, ఫ్యాక్టరీ పోయేనాటికి చిప్ డిజైను చేసే పని గానీ, యంత్రాల మీద హక్కు గానీ తెగ చేతికి రాలేదు. చేతులు అద్దెకి వెళ్లాయి, తిరిగొచ్చాయి.

తర్వాత 1994లో మారిలూ షుల్ట్జ్ అనే నవాహో నేతకారిణి ఇంటెల్ అడిగితే పెంటియమ్ చిప్ లోపలి గీతల్ని కంబళిగా నేసింది. పైన చెప్పిన పుస్తకంలో బొమ్మ కన్నా ఇది నాకు ఎక్కువ నచ్చుతుంది. ఇక్కడ నేసిన మనిషి పేరు ఉంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఆ పని ఇప్పుడు మన వైపు వస్తోంది. గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ కంపెనీ మెమరీ చిప్‌ల కూర్పు, పరీక్షల ఫ్యాక్టరీకి 2023లో పునాది వేసింది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టుల్లో ఒకటి మన ఆంధ్రప్రదేశ్‌కి, రెండు పక్కనున్న ఒడిశాకి వచ్చాయి. మన రాష్ట్రానికి వచ్చినది చిప్ ప్యాకేజింగే, షిప్‌రాక్ ఆడవాళ్లు చేసిన పనికి మనవరాలు లాంటిది. ఐటీఐ, డిప్లొమా చేసినవాళ్లు తప్పకుండా దరఖాస్తు పెట్టండి. ఉద్యోగంలో చేరే ముందు షిప్‌రాక్ కథ మీ ఇంట్లో కూడా చెప్పండి. శిక్షణ ఎన్నాళ్లు, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద, రెండేళ్ల తర్వాత ఏ మెట్టు ఎక్కనిస్తారు అని అడగడం నేర్చుకోవాలి.

చేతుల సంగతి ఇది. చోటు సంగతి ఇంకోటి ఉంది, క్లుప్తంగా చెప్తాను. మెమరీ ఖరీదుగా ఉన్నంతకాలం భాషలకి చోటు దొరకలేదు. 1963 నాటి ఆస్కీ పద్ధతి ఏడు బిట్లతో సరిపెట్టింది. అందులో ఇంగ్లీషు తప్ప ఇంకేదీ పట్టదు. 1980ల్లో పీసీలో తెలుగు కనపడాలంటే జిస్ట్ అని వేరే కార్డు కొని లోపల తగిలించాలి. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి సీ-డాక్ చేతిలో పెరిగిన కార్డు అది. 1991లో యూనికోడ్ మొదటి రూపం వచ్చింది, తెలుగు అందులో ఉంది. ప్రపంచ భాషలన్నిటికీ 16 బిట్లు, అంటే 65,536 అరలు చాలనుకున్నారు. చాలలేదు. 1996లో ఇల్లు పెద్దది చేశారు. సవరల కోసం మంగై గొమాంగో 1936లో చేసిన సోరా సోంపెంగ్ లిపి 2012 జనవరిలో యూనికోడ్‌లోకి వచ్చింది. మొదటి 65,536 అరల్లో కాదు, ఆ తర్వాత కట్టిన భాగంలో. అందుకే ఆ లిపిలో ఒక్కో అక్షరానికి నాలుగు బైట్లు పడతాయి. ఇంగ్లీషుకి ఒకటి, తెలుగుకి మూడు, సోరా సోంపెంగ్‌కి నాలుగు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో ఈ అంకెలే చెప్తాయి.

గిడుగు రామమూర్తి గారు ఇదంతా చూడలేదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. ఆ నిఘంటువు మొత్తం ఇవాళ్టి ర్యామ్‌లో ఒక మూలకి కూడా రాదు. చోటు సమస్య తీరింది. టైపు చేసేవాళ్లు కావాలి. పాత డెస్క్‌టాప్ బాగుచేసుకోమని నేను పోరు పెట్టేది ఫారాలు నింపుకోవడానికి ఒక్కటే కాదు. మీ ఊళ్లో పెద్దవాళ్లు చెప్పే పాటలు, పేర్లు, కొండల గుర్తులు అందులో ఎక్కించమని.

ఇంక పని సంగతి. తొలి ఐబీఎం పీసీలో 1981లో మెమరీ పెంచాలంటే కాళ్లున్న చిప్‌లు తొమ్మిదేసి బోర్డు మీద గుచ్చాలి. ఒక కాలు వంగితే పని అయిపోయినట్టే. 1983లో వాంగ్ కంపెనీ వాళ్లు ఆ చిప్‌లన్నీ ఒక చిన్న పలక మీద అతికించి స్లాట్‌లో పెట్టేలా చేశారు. ఆ కంపెనీ పెట్టింది పూసల మెమరీ తొలి రోజుల్లో చెప్పుకున్న ఆన్ వాంగే. ఇవాళ మనం నొక్కి పెట్టే స్టిక్ దాని సంతానం.

ముందు ఏ రకమో చూడండి. డీడీఆర్2, 3, 4, 5 ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు, గాడి చోటు వేరు. బలవంతం చేస్తే బోర్డు పోతుంది. దాదాపు 2009 నుంచి 2015 మధ్య కొన్నవి ఎక్కువగా డీడీఆర్3. ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిది, మామూలు డెస్క్‌టాప్‌లో పట్టదు. విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో సాధారణంగా కనపడుతుంది. బోర్డు గరిష్ఠంగా ఎంత తీసుకుంటుందో దాని మోడల్ బట్టి తెలుసుకోవాలి. విండోస్ 32 బిట్‌ది అయితే నాలుగు జీబీ దాటి వాడుకోలేదు. అంతకి మించి అంకెలు దానికి లేవు. ఎనిమిది పెట్టి ఏం లాభం లేదని తిట్టుకునేవాళ్లలో సగంమంది సమస్య ఇదే. 64 బిట్‌ది వేసుకోవాలి.

పెట్టేటప్పుడు ప్లగ్గు పీకేయండి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, క్యాబినెట్ ఇనుము తాకి ఆ తర్వాతే స్టిక్ ముట్టుకోండి. బంగారు గీతల మీద వేళ్లు పెట్టొద్దు. గాడి సరిచూసి రెండు చివరలా సమంగా నొక్కితే క్లిప్పు టక్‌మని పడుతుంది. తెర నల్లగా ఉండి బీప్ బీప్ అంటే కంగారు పడకండి. తీసి, ఆ గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొడి దులిపి మళ్లీ పెట్టండి. ఎక్కువసార్లు దాంతోనే లేస్తుంది.

ధర సంగతి ఒకటి. 1993 జులైలో జపాన్‌లోని నీహామాలో సుమిటోమో రెసిన్ ఫ్యాక్టరీ పేలితే ప్రపంచమంతా ర్యామ్ ధర ఎగిరింది. ఇప్పుడు ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఊడ్చుకుపోతున్నాయి. 2025 డిసెంబర్‌లో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు కింద మనలాంటివాళ్లకి అమ్మడం ఆపేస్తానని ప్రకటించింది. కాబట్టి కొత్తది కొనేముందు పాత ఆఫీసు కంప్యూటర్లు విప్పే షాపుల్లో సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 అడగండి. కొనేముందు అక్కడే పెట్టించి చూసుకోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈ పాత బోర్డులకి విండోస్ 11 ర్యామ్ ఎంత పెంచినా అధికారికంగా ఎక్కదు, దానికి ప్రాసెసర్ కూడా కొత్తది కావాలి. నాలుగు జీబీ పెట్టుకుని లైనక్స్ మింట్ వేసుకుంటే ఫారాలకీ, తెలుగు టైపుకీ హాయిగా సరిపోతుంది.

సైడు డోరు విప్పి బోర్డు మీద రాసున్న మోడల్ నంబరు, ఇప్పుడున్న స్టిక్ మీద చీటీ, రెండూ స్పష్టంగా ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. ఏది సరిపోతుందో చూసి చెప్తాను.